పాత మురుగునీటి పంపింగ్ స్టేషన్ మార్చేముందు: హార్స్ పవర్ సంగతి చివరన చూద్దాం

కార్యదర్శి గారికి నమస్కారం.

విజయనగరం శివారులోని మీ లేఅవుట్‌లో ఆరు వందల ఇళ్ల మురుగును ఎత్తిపోసే పంపింగ్ స్టేషన్‌కు పాతికేళ్లు నిండాయని, ఉన్న రెండు 10 హెచ్.పి. (హార్స్ పవర్) పంపులలో ఒకటి ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటోందని, అక్టోబరు వానలకు బావి పొంగి మురుగు వీధిలోకి వస్తోందని రాశారు. బావి వ్యాసం 4 మీటర్లు, లోతు 6 మీటర్లు, అక్కడి నుంచి శుద్ధి ప్లాంటు వరకు మురుగును తోసే 150 మిల్లీమీటర్ల గొట్టం (పంపింగ్ మెయిన్) పొడవు 700 మీటర్లు, ఎత్తవలసిన ఎత్తు 9 మీటర్లు అని మీరు ఇచ్చిన వివరాలు చాలా ఉపయోగపడ్డాయి. మురుగులో మునిగి పనిచేసే రెండు 20 హెచ్.పి. సబ్‌మెర్సిబుల్ పంపులు బిగిస్తానని గుత్తేదారు ఇచ్చిన కొటేషన్‌ను ఒప్పుకోవచ్చునా, పని జరుగుతున్నన్నాళ్లూ ఇళ్ల నుంచి వచ్చే మురుగును ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు. మొదటిదానికి నా సమాధానం, ఇప్పుడే ఒప్పుకోవద్దని. ఆ కొటేషన్‌లో హార్స్ పవర్ ఉంది కానీ సెకనుకు ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తుకు అన్న మాట లేదు. ఆ రెండూ రాయని కొటేషన్‌ను నేను కొటేషన్‌గా లెక్కించను.

ముందుగా మీ మురుగు ఎంతో చూద్దాం. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న చోట మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా లెక్కించి, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని భావిస్తారు. ఇంటికి నలుగురు చొప్పున 2,400 మంది అనుకుంటే రోజుకు సుమారు 2 లక్షల 60 వేల లీటర్లు, అంటే సగటున సెకనుకు 3 లీటర్లు. ఇరవై వేల లోపు జనాభాకు గరిష్ఠ ప్రవాహాన్ని సగటుకు మూడు రెట్లుగా తీసుకుంటారు కాబట్టి, ఉదయం అందరూ స్నానాలు చేసే వేళ కూడా మీ బావిలోకి వచ్చేది సెకనుకు 9 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు లేచి జనం రెట్టింపయినా అది 18 లీటర్లకు మించదు.

ఇక గొట్టం సంగతి. పంపింగ్ మెయిన్‌లో వేగం సెకనుకు 0.8 మీటర్ల కంటే తగ్గితే ఇసుక, బురద అడుగున పేరుకుంటాయి. 150 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ వేగం రావాలంటే సెకనుకు 14 లీటర్లు పైగా పోవాలి. 9 లీటర్లు చాలు కదా అని చిన్న పంపు పెడితే వేగం అర మీటరు దగ్గరే ఆగిపోయి, కొన్నేళ్లకు గొట్టమే పూడుకుపోతుంది. అందువల్ల మీకు కావలసింది సెకనుకు 15 లీటర్ల పంపు. ఆ ప్రవాహానికి 700 మీటర్ల గొట్టంలో రాపిడి వల్ల పోయే ఒత్తిడి, నీటి ఎత్తులో చెబితే, సుమారు నాలుగున్నర మీటర్లు. 9 మీటర్ల ఎత్తు, వాల్వుల దగ్గరా వంపుల దగ్గరా పోయేది కలిపితే మొత్తం 15 మీటర్లు అనుకోండి. మురుగు పంపు సామర్థ్యం యాభై శాతమే అని తక్కువ చేసి లెక్కించినా 7.5 హెచ్.పి. మోటారు సరిపోతుంది. అదే గొట్టంలో 30 లీటర్లు తోయబోతే రాపిడి ఒక్కటే 16 మీటర్లు దాటుతుంది, ఎందుకంటే ప్రవాహం రెట్టింపయితే రాపిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. కొటేషన్‌లోని 20 హెచ్.పి. పంపు చేసేది ఇదే: కరెంటు రెండున్నర రెట్లకు పైగా ఖర్చు చేసి ప్రవాహాన్ని రెట్టింపు మాత్రం చేస్తుంది. పైగా సగటున 3 లీటర్లు అందుకోవలసిన మీ శుద్ధి ప్లాంటు మీద ఒక్కసారిగా 30 లీటర్ల చొప్పున మురుగును కుమ్మరించి, అక్కడి సూక్ష్మజీవులు చేసే పనిని చెడగొడుతుంది.

మరి ఉన్న 10 హెచ్.పి. పంపులకే ఇదంతా సాధ్యం కావాలి కదా, బావి ఎందుకు పొంగుతోంది? అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు తెలియాలంటే బావిలోకి ఎవరూ దిగనక్కరలేని ఒక చిన్న పరీక్ష ఉంది. పైనుంచి గుర్తులు వేసిన పొడవాటి కర్రను గానీ, బరువు కట్టిన టేపును గానీ బావిలోకి వదిలి నీటి మట్టం చూడండి. పంపు ఆపి పది నిమిషాలలో మట్టం ఎంత పెరిగిందో రాసుకోండి. తరువాత పంపు వేసి ఐదు నిమిషాలలో ఎంత తగ్గిందో రాసుకోండి. మీ బావిలో ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 1,257 లీటర్లు ఉంటాయి. ఉదాహరణకు పది నిమిషాలలో 15 సెంటీమీటర్లు పెరిగితే లోపలికి వచ్చేది సెకనుకు 3.1 లీటర్లు, పంపు వేశాక ఐదు నిమిషాలలో 10 సెంటీమీటర్లు తగ్గితే, తగ్గిన 4.2 లీటర్లకు వచ్చిన 3.1 లీటర్లు కలిపి పంపు నిజంగా తోస్తున్నది 7.3 లీటర్లు. పంపు పేరు పలక మీద ఉన్న అంకెలో ఇది సగమే అయితే పంపు లోపల తిరిగే చక్రం (ఇంపెల్లర్) అరిగిందో, గొట్టం పూడిందో, తోసిన నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు సరిగా మూసుకోవడం లేదో తేల్చుకోవాలి. పంపు ఆపిన వెంటనే బావి మట్టం ఒక్కసారిగా పైకి లేస్తే దోషం వాల్వుదే. తోసిన నీరే వెనక్కి వస్తోందన్న మాట. డెలివరీ గొట్టం మీది ప్రెషర్ గేజ్ పంపు నడుస్తున్నప్పుడు ఉండవలసిన దానికంటే బాగా ఎక్కువ చూపిస్తే గొట్టం పూడిందని అర్థం. అటువంటప్పుడు ఎంత పెద్ద పంపు తెచ్చినా ప్రయోజనం ఉండదు. ఈ పరీక్షను ఉదయం ఏడు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున మూడు గంటలకు ఒకసారి, గట్టి వానలో ఒకసారి చేయించండి. మూడు గంటల వేళ ఇళ్లన్నీ నిద్రలో ఉన్నప్పుడు కూడా ప్రవాహం తగ్గకపోతే, కీళ్లు విడిన గొట్టాల నుంచి భూగర్భజలం లోపలికి ఊరుతోందని గ్రహించవచ్చు.

వానలో చేసే పరీక్షే మీకు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. మన ఊళ్లలో మేడ మీది వర్షపు నీటి గొట్టాన్ని దగ్గరలో ఉన్న మురుగు చాంబర్‌లోకి వదిలేయడం సాధారణం. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి అదే సులభం, ఆ తరువాత ఎవరూ పట్టించుకోరు. దాని ఫలితం లెక్క వేసి చూడండి. నూరు చదరపు మీటర్ల మేడ మీద గంటకు 20 మిల్లీమీటర్ల వాన పడితే గంటకు 2,000 లీటర్లు, అంటే సెకనుకు అర లీటరు పైమాటే. అలాంటి ఇళ్లు పదహారు ఉంటే చాలు, మీ కాలనీ మొత్తం గరిష్ఠ మురుగుకు సమానమైన నీరు అదనంగా బావిలోకి చేరుతుంది. అరవై ఇళ్లు ఉంటే 33 లీటర్లు. దానికి ఆ 20 హెచ్.పి. పంపు కూడా చాలదు. కాబట్టి వాన నీటిని తోయడానికి పంపు కొనడం కంటే ఆ గొట్టాలను వీధి కాలువ వైపు తిప్పించడం ఎంతో చవక. ఏ ఇంటిది ఎక్కడ కలుస్తోందో తెలుసుకోవడానికి మేడ మీది గొట్టంలో రంగు నీళ్లు పోసి, కింది మ్యాన్‌హోల్‌లో ఆ రంగు వస్తుందేమో చూస్తే సరిపోతుంది. ఇరుగుపొరుగుతో మాట పట్టింపు వస్తుందని సంఘాలు ఈ పని వాయిదా వేస్తాయి. సంఘం కార్యవర్గ సభ్యుల ఇళ్లతోనే మొదలుపెట్టితే మిగిలినవారు అభ్యంతరం చెప్పడం కష్టం.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మరో మాట, ఆపరేటరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పంపు వేస్తాడన్నది. మురుగు వచ్చే గొట్టం మట్టం కింద మీ బావిలో 3 మీటర్ల లోతు ఉందనుకుంటే అందులో పట్టేది సుమారు 38 వేల లీటర్లు; సగటు ప్రవాహానికే మూడున్నర గంటలలో అది నిండుతుంది. ఆ తరువాత మురుగు వెనక్కి తన్ని వీధి గొట్టాలలో నిలుస్తుంది, బరువైనదంతా అక్కడే అడుగున దిగుతుంది. మీరు చెప్పిన మ్యాన్‌హోల్ అడ్డంకులలో చాలా వాటికి కారణం ఇదే కావచ్చు. మురుగు బావిలో సగటు ప్రవాహాన్ని అరగంటకు మించి నిలపకూడదన్నది నియమం. మన ఎండలకు నిలిచిన మురుగు త్వరగా పులిసి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతుంది. ఆ వాయువు తడి గోడల మీద సూక్ష్మజీవుల వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి సిమెంటును తినేస్తుంది. నీళ్లలో మునిగిన గోడ బాగానే ఉండి, పైకప్పు శ్లాబు ఊచలు మాత్రం బయటపడ్డాయని మీరు గమనించారే, దానికి కారణం ఇదే. సిమెంటు పూత వేయిస్తే అది కొద్ది కాలమే నిలుస్తుంది.

ఈ కారణం వల్లనే పెద్ద బావి మంచిదన్న భావనను వదులుకోమంటాను. సెకనుకు 15 లీటర్ల పంపు గంటకు ఆరుసార్లకు మించి స్టార్ట్ కాకుండా ఉండాలంటే, పంపు వేసే మట్టానికీ ఆపే మట్టానికీ నడుమ 2,250 లీటర్లు ఉంటే చాలు. 3 మీటర్ల వ్యాసం ఉన్న బావిలో అది 32 సెంటీమీటర్ల లోతు. పంపు తరచుగా, కొద్దికొద్దిగా తోస్తుంది. మురుగు పులిసే అవకాశం ఉండదు. ఇది మనిషి చేతితో నడిపే పని కాదు, మట్టాన్ని బట్టి తనంతట తాను నడిచే ప్యానెల్ ఉండాలి. లెవెల్ సెన్సర్ ఒకటి పెట్టి, అది చెడినప్పుడు ఆదుకోవడానికి ఫ్లోట్ స్విచ్‌లు కూడా పెట్టించండి. రెండు పంపులూ వంతులవారీగా నడవాలి. ఒకటి ఎప్పుడూ ఖాళీగా కూర్చుంటే అవసరానికి అది లేవదు.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టవలసిన విషయం ఒకటుంది. కొత్త స్టేషన్‌లో రోజువారీ పనికి గానీ, పంపు మరమ్మతుకు గానీ, చెత్త తీయడానికి గానీ మనిషి బావిలోకి దిగవలసిన అవసరమే ఉండకూడదు. సబ్‌మెర్సిబుల్ పంపును స్టెయిన్‌లెస్ స్టీలు గైడు పట్టాల మీదుగా గొలుసుతో పైకి లాగి, తిరిగి దించితే అడుగున ఉన్న వంపు గొట్టానికి దానంతట అదే కూర్చునే ఏర్పాటు ఉంటుంది. చెత్త పట్టే బుట్ట కూడా గొలుసుతో పైకి వచ్చేదిగా ఉండాలి. వాల్వులను బావిలో కాక పక్కన వేరే లోతు తక్కువ గదిలో పెట్టాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, అడుగునే పేరుకుంటుంది. పది లక్షల భాగాలలో నూరు భాగాలకు చేరేసరికి ముక్కు దాని వాసనను పసిగట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కాబట్టి పరవాలేదని దిగినవారూ, వారిని కాపాడబోయి దిగినవారూ ప్రాణాలు కోల్పోతున్న వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. రక్షణ లేకుండా మనుషులను మురుగు గొట్టాలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి దింపడాన్ని మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం నేరంగా పరిగణిస్తుంది. అలాంటి మరణానికి పరిహారాన్ని సుప్రీం కోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. పాత పంపులు విప్పడానికి ఎవరినో ఒకరిని దింపుదామని గుత్తేదారు అంటే, ఆ మాట అన్న రోజే అతన్ని మార్చుకోవడం మంచిది.

కొత్త బావిని పాతదాని పక్కనే కట్టాలి. పాతదానిలోనే కొత్త పంపులు బిగిస్తే డబ్బు కొంత మిగులుతుంది కానీ, పాడయిన శ్లాబు, ఆమ్లం తిన్న గోడలు అలాగే ఉంటాయి, పైగా పనంతా మురుగు మధ్యనే చేయాలి. చెరువుల దిగువన ఉండే విజయనగరం శివార్లలోనూ, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునా భూగర్భజలం పైకే ఉంటుంది కనుక తవ్వకంలో నీరు తోడించే ఖర్చు అంచనాలో కనిపించాలి. ఖాళీ బావి పడవలాగా తేలుతుందన్న సంగతి చాలామంది గుత్తేదారులు పట్టించుకోరు. బయటి వ్యాసం మూడున్నర మీటర్లు ఉన్న బావి చుట్టూ 5 మీటర్ల మేర నీరు నిలిస్తే అది సుమారు 48 టన్నుల బలంతో పైకి నెడుతుంది. ఆ బరువుకు తగినంత కాంక్రీటో, అడుగు శ్లాబును గోడ బయటికి పొడిగించి దాని మీద మట్టి కప్పడమో లేకపోతే మొదటి వర్షాకాలంలోనే బావి లేచి గొట్టాల కీళ్లు విరుగుతాయి. సిమెంటు సల్ఫేటును తట్టుకునే రకం కావాలి, నీటి మట్టానికి పైన ఉండే లోపలి గోడకూ శ్లాబు కిందికీ ఎపాక్సీ పూత కావాలి. మూడో పంపుకు చోటు, అడుగు వంపు గొట్టం ఇప్పుడే వేసి మూసి ఉంచండి. అపార్టుమెంట్లు వచ్చినప్పుడు బావి ముట్టుకోనక్కరలేదు.

కాలం విషయంలో మనకు వెసులుబాటు తక్కువ. సంక్రాంతికి ఊళ్లన్నీ జనంతో నిండుతాయి, మురుగూ పెరుగుతుంది. పండుగ వెళ్లిన మర్నాడు తవ్వకం మొదలుపెట్టి మే నెలాఖరుకు కొత్త బావిని నడిపించగలగాలి. జూన్ నడిమికి ఋతుపవనం వస్తుంది. అక్టోబరు తుపానుల నెల; పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి పట్టణంలో రోడ్డు తవ్వే ఆలోచన అప్పుడు పెట్టుకోవద్దు.

మీ రెండో ప్రశ్నకు, అంటే పని జరిగేటప్పుడు మురుగు ఎటు పోవాలన్నదానికి, పై ఏర్పాటులోనే సగం జవాబు ఉంది: కొత్తది సిద్ధమయ్యే దాకా పాతది నడుస్తూనే ఉంటుంది. చిక్కంతా వీధి గొట్టాన్ని కొత్త బావికి కలిపే రాత్రి దగ్గర వస్తుంది. బావికి ముందున్న చివరి మ్యాన్‌హోల్‌ను కొంచెం పెద్దదిగా కట్టించి, గొట్టానికి గాలి నింపే రబ్బరు ప్లగ్ బిగించి, అక్కడి నుంచి డీజిల్ పంపుతో తోడి నేరుగా పంపింగ్ మెయిన్‌లోకి కలపాలి. అందుకోసం మెయిన్ మీద వాల్వుతో కూడిన, ఇంగ్లీషు T అక్షరం ఆకారంలోని ఒక టీ ముక్కను ముందే వేయించండి. డీజిల్ పంపులు రెండు ఉండాలి, ఒకటి పని చేయడానికి, ఒకటి అది ఆగితే వేయడానికి. కలిపే పనిని రాత్రి ఒంటిగంట తరువాత పెట్టుకుంటే ప్రవాహం సగటులో మూడో వంతు దాకా తగ్గుతుంది, అంటే గంటకు 3,600 లీటర్లు. డీజిల్ పంపు మొరాయించినా రెండు సెప్టిక్ ట్యాంకర్లు దగ్గర నిలబెట్టుకుంటే రెండు గంటలు నెట్టుకురావచ్చు. మురుగును ఒక్క రాత్రికి వీధి కాలువలోకి వదిలేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు, ఆ కాలువ చేరేది ఏదో ఒక చెరువుకే.

ఆ టీ ముక్కను పని అయ్యాక తీసివేయనివ్వకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వేళ కరెంటుతోనూ ప్యానెల్‌తోనూ సంబంధం లేని డీజిల్ పంపును తెచ్చి ఆ టీకి తగిలిస్తే కాలనీ గట్టెక్కుతుంది. జనరేటరు ఎలాగూ ఉండాలి. దానినీ, ప్యానెల్‌నూ మీరు చూసిన అత్యధిక వరద గుర్తుకు పైన ఎత్తైన దిమ్మ మీద పెట్టించండి. ఒక ఫేజు పోయినప్పుడు మోటారు కాలిపోకుండా రక్షణ, మట్టం ప్రమాద స్థాయికి చేరితే ముగ్గురు నలుగురి ఫోన్లకు సందేశం పంపే చిన్న పరికరం కూడా ప్యానెల్‌లో భాగంగా అడగండి. వీటికి అయ్యేది మొత్తం ఖర్చులో స్వల్పం.

వాసన గురించి పక్క ఇంటివారి అభ్యంతరం న్యాయమైనదే. మురుగు నిల్వ ఉండకపోతే వాసన చాలావరకు తగ్గుతుంది. మిగిలినదానికి మూసిన మూతలు, ఎత్తైన గాలి గొట్టానికి బొగ్గు ఫిల్టరు సరిపోతాయి. జనరేటరుకు శబ్దం ఆపే పెట్టె తప్పనిసరి. పంపులో చిక్కుకునే గుడ్డ పేలికలు, శానిటరీ ప్యాడ్లు, అంట్లు తోమిన కొబ్బరి పీచు గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పవలసిందే. కాలనీలో కల్యాణ మండపం ఉంటే దాని వంటశాలకు నూనె ఆపే తొట్టి కట్టించండి.

పాత బావిని వెంటనే పూడ్చమని చెప్పను. శ్లాబు కొట్టివేసి, యంత్రంతో బురద తోడించి, గోడలు గట్టిగా ఉన్నాయని ఇంజనీరు చెబితే, కొత్త బావి నుంచి పొర్లే నీటిని పట్టే అత్యవసర తొట్టిగా కొత్త మూతతో ఉంచుకోవచ్చు. ఆ 38 వేల లీటర్ల చోటు కరెంటు పోయినప్పుడు మూడున్నర గంటలు, రద్దీ వేళలో అయినా గంట పైన సమయం ఇస్తుంది. గోడలు నమ్మలేనివైతే మాత్రం అడుగు శ్లాబుకు రంధ్రాలు కొట్టించి ఇసుకతో నింపించడమే క్షేమం.

లేఅవుట్‌ను పురపాలక సంస్థకు అప్పగించారో లేదో ముందు పత్రాలు చూసుకోండి. అప్పగించి ఉంటే పని వారిది, మీది ఒత్తిడి తేవడం మాత్రమే. సంఘమే చేయించాలంటే నమూనాను ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖలో పనిచేసి విరమించిన ఒకరికి రుసుము ఇచ్చి చూపించడం ఆ ఖర్చుకు తగిన పనే. కొత్త కొటేషన్లు అడిగేటప్పుడు పంపు సెకనుకు 15 లీటర్లను 15 మీటర్లకు తోయాలని, పైన చెప్పిన మట్టం పరీక్షను బిగించిన తరువాత మీ ఎదుట చేసి ఆ అంకె చూపించాలని, ఒక ఇంపెల్లరు, ఒక జత సీళ్లు అదనంగా ఇవ్వాలని, ఐదేళ్ల నిర్వహణ ధర వేరుగా రాయాలని అడగండి. మీ పరీక్షలో వచ్చే అంకెలు నా అంచనాకు దూరంగా ఉంటే 15 బదులు వాటికి తగిన అంకె రాయించండి. బిల్లులో పదో వంతును ఆపి ఉంచి, మొదటి అక్టోబరు వాన దాటిన తరువాత మాత్రమే చెల్లిస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి. సరిగా చేసే గుత్తేదారు దీనికి కాదనడు.